పిల్లల రాత మీద డిసర్టేషన్: రెండు వందల పేపర్లా, ఎనిమిది మంది పిల్లలా?

మహబూబ్‌నగర్‌లో ఎం.ఎడ్ చదువుతున్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది. "ఎనిమిదో తరగతి పిల్లలు బోర్డు మీద ఉన్నది చక్కగా ఎత్తి రాస్తారు. సొంతంగా నాలుగు వాక్యాలు రాయమంటే పెన్ను కదలదు. దీని మీదే డిసర్టేషన్ చేద్దామనుకుంటున్నాను. మా గైడ్ రెండు వందల మందికి పరీక్ష పెట్టి, తప్పులు లెక్కపెట్టి, టీ-టెస్ట్ వేయమంటున్నారు. అది చాలుతుందా? ఇంకో టెన్షన్ ఏంటంటే, నాకే రెండు పేజీలు సొంతంగా రాయడం రావట్లేదు. నేను పిల్లల రాత గురించి ఏం రాస్తాను?"

ముందు సూటిగా జవాబు చెబుతాను. తప్పుల లెక్క, దాని మీద టీ-టెస్ట్ (రెండు సగటుల మధ్య తేడా నిజంగా ఉందా అని చూసే లెక్క) మాత్రమే పెట్టుకుంటే చాలదు. రెండు వందల పేపర్లు దిద్దితే పిల్లలకు ఏం రాదో తెలుస్తుంది, అది మీకు ఇప్పటికే తెలుసు. ఎందుకు రాదో తెలియాలంటే వాళ్లు రాస్తున్నప్పుడు పక్కన కూర్చోవాలి. ఒకే బడి తీసుకోండి. ఆరుగురో ఎనిమిది మందో పిల్లలను ఎంచుకోండి. ఒక్కొక్కరి చేత మూడు నాలుగు రకాలుగా రాయించండి, రాస్తుండగా చూడండి, రాశాక మాట్లాడండి. ఎం.ఎడ్ స్థాయికి ఇది ధారాళంగా సరిపోతుంది. గైడ్ గారికి అంకెలు కావాలంటే అవి కూడా ఇందులోంచే వస్తాయి, ఎలాగో కింద రాశాను. మీకే రాయడం రావట్లేదన్న మాట చివర్లో మాట్లాడదాం. అది అంత చిన్న విషయం కాదు.

నా గురించి ఒక్క మాట. నల్గొండ జిల్లాలో హైస్కూల్లో తెలుగు చెబుతూ, సెలవు పెట్టి ఈ విషయం మీదే పీహెచ్‌డీ చేస్తున్నాను. దేవరకొండ వైపు తండాల పిల్లలు వచ్చే బడుల్లో, నారాయణపేట వైపు బడుల్లో కూర్చుని చూసింది మాత్రమే ఇక్కడ చెబుతున్నాను. పట్నంలో ప్రైవేటు బడుల సంగతి వేరేగా ఉండొచ్చు.

అసలు మన బడిలో పిల్లలు ఏం రాస్తున్నారో ముందు చూడండి.

ఒక వారం పాటు ఒకే తరగతిలో వెనక బెంచీలో కూర్చుని, పిల్లలు పెన్ను పట్టుకున్న ప్రతిసారీ ఏం రాస్తున్నారో నోట్ చేసుకోండి. సైన్సులో బోర్డు మీది జవాబు. సోషల్‌లో గైడ్ పుస్తకం చూసి జవాబు. తెలుగులో పద్యం, ప్రతిపదార్థం, భావం. ఇంగ్లిష్‌లో బోర్డు మీది లెటరు. సాయంత్రం వరకు పిల్లలు రాస్తూనే ఉంటారు, చేతులు నొప్పి పుట్టేదాకా రాస్తారు. అందులో తమ తలలోంచి వచ్చిన వాక్యం ఒక్కటీ లేని రోజులు బోలెడుంటాయి. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం పెట్టాక, ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగుగా పుస్తకాలు వచ్చాయి. దానివల్ల చదివి అర్థం చేసుకోవడానికి పిల్లలకు కొంత ఆసరా దొరికింది. రాసేది మాత్రం ఇంగ్లిష్‌లో రాయాలి కాబట్టి మిగతా సబ్జెక్టుల్లో ఎత్తి రాయడం ఇంకా పెరిగింది. సొంత మాట రాసే అవకాశం ఏదైనా మిగిలితే అది తెలుగు పీరియడ్‌లోనే.

తెలుగు పుస్తకంలో ఆ చోటు లేదని కాదు. 'వ్యక్తీకరణ-సృజనాత్మకత' అని ప్రతి పాఠం చివరా ఉంటుంది. లేఖ రాయమంటారు, సంభాషణ రాయమంటారు, కరపత్రం తయారుచేయమంటారు. కానీ 'మీ ఊరి గురించి సొంతమాటల్లో రాయండి' అన్న ప్రశ్నకు కూడా ఎక్కడో అచ్చయిన గైడ్‌లో జవాబు సిద్ధంగా ఉంటుంది. చందంపేట పిల్లవాడూ మక్తల్ పిల్లవాడూ ఒకే ఊరి గురించి రాస్తారు. ఆ ఊళ్లో పచ్చని పొలాలు, గలగల పారే సెలయేరు ఉంటాయి. మన దిక్కు ఆ సెలయేరు ఎక్కడుందో నాకైతే ఇప్పటిదాకా కనపడలేదు.

ఇందులో టీచర్లను తిట్టడానికి ఏమీ లేదు, డిసర్టేషన్‌లో ఆ పని చేయకండి. నాలుగైదు సెక్షన్ల నోట్సులు, ఎఫ్‌ఏ-1 నుంచి ఎఫ్‌ఏ-4 దాకా (ఏడాది పొడుగునా జరిగే నాలుగు చిన్న పరీక్షల) రికార్డులు, మధ్యలో ఆన్‌లైన్ ఎంట్రీలు. తనిఖీకి వచ్చినవాళ్లు చూసేది నోట్సు దిద్దారా లేదా అన్నదే. పిల్లలు వేర్వేరుగా రాసిన నలభై పేపర్లు దిద్దడం కంటే ఒకేలా రాసిన నలభై పేపర్ల మీద సంతకం పెట్టడం పదింతలు తేలిక. వ్యవస్థ అడిగేది అది, టీచర్ ఇచ్చేదీ అదే.

తప్పుల లెక్క ఎందుకు మోసం చేస్తుంది

దేవరకొండ దగ్గరి ఒక బడిలో ఎనిమిదో తరగతి అమ్మాయి సంగతి చెబుతాను. పేరు వద్దు. ఇంట్లో లంబాడీ భాష, బడిలో తెలుగు. 'మేము జరుపుకునే పండుగ' అని రాయమన్నాను. తలెత్తకుండా రాసిచ్చింది: "పండుగలలో సంక్రాంతి ముఖ్యమైనది. ఇది మూడు రోజుల పండుగ. ప్రజలందరూ సుఖసంతోషాలతో జరుపుకొందురు." పావు గంటలో పేజీ నిండింది. మొత్తం మీద రెండు తప్పులు. మీ గైడ్ గారి లెక్కలో ఈ అమ్మాయి మంచి రచయిత్రి.

పేపరు పక్కన పెట్టి, మీ తండాలో పెద్ద పండుగ ఏదని అడిగాను. తీజ్ అంది. ఇక చెప్పడం మొదలుపెడితే ఆగలేదు. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టిపోసి గోధుమలు చల్లడం, తొమ్మిది రోజులు నీళ్లు పోయడం, మొలకలు బాగా వస్తే మంచి మొగుడొస్తాడని ముసలమ్మలు అనడం. వాళ్ల చెల్లె అత్యాశతో నీళ్లు ఎక్కువ పోసి బుట్ట కుళ్లబెట్టుకుందట, ఏడ్చిందట, రాత్రి ఎవరూ చూడకుండా ఈమె తన బుట్టలోంచి కొన్ని మొలకలు తీసి అందులో గుచ్చిందట. "ఇదంతా రాయొచ్చు కదమ్మా" అన్నాను. నా మొహం కేసి అనుమానంగా చూసి, "ఇది రాస్తే మార్కులు వేస్తరా మేడం? గైడ్‌ల లేదు కదా" అంది.

వేస్తానని చెప్పాక రాసింది. "మొదటి రోజు గోదుమలు నానవెడతం. బుట్టలల్ల మట్టి పోస్తం. మా చెల్లె నీల్లు ఎక్కువ పోసింది. మొలకలు కుల్లినయి. ఆమే ఏడ్సింది." అంతకంటే ముందుకు పోయేసరికి చాలాసేపు పట్టింది. మధ్యలో ఆగింది, కొట్టేసింది, చెల్లె ఏడవడం ముందు చెప్పాలా మొలకలు గుచ్చడం ముందు చెప్పాలా అని నన్నే అడిగింది. పేజీలో సగమే అయింది. ఎర్ర పెన్ను పట్టుకుని లెక్కపెడితే పదకొండు తప్పులు తేలాయి.

ఇప్పుడు చెప్పండి, తప్పులు రెండు నుంచి పదకొండుకు పెరిగాయి కాబట్టి ఈ అమ్మాయి రాత పాడైందా? మొదటి పేపర్లో ఆమె రాసిన వాక్యం ఒక్కటీ లేదు. రెండో దాంట్లో అన్నీ ఆమెవే, ఏది ముందు ఏది వెనక అన్న ఆలోచన కూడా ఆమెదే. టీ-టెస్ట్ వేస్తే మాత్రం నా పాఠం పిల్లను చెడగొట్టినట్టు ఫలితం వస్తుంది. తప్పులు లెక్కపెట్టే డిసర్టేషన్లు చాలావాటిలో లోపల ఈ తిరకాసు ఉంటుంది. ధైర్యం చేసి కొత్తగా రాసినప్పుడు తప్పులు పెరుగుతాయి. కంఠస్థం రాసినప్పుడు తగ్గుతాయి.

కెనడాలో బెరైటర్, స్కార్డమాలియా అనే ఇద్దరు పరిశోధకులు 1987లో ఈ రెండు పనులనూ విడదీసి చూపించారు. ఒకటి, తెలిసింది తెలిసినట్టు గుర్తొచ్చిన వరుసలో పెట్టేయడం. రెండోది, రాస్తూ రాస్తూ తెలిసినదాన్నే అటూ ఇటూ మార్చి చూసుకోవడం. చిన్నపిల్లలు, కొత్తగా రాసేవాళ్లు మొదటిదే ఎక్కువ చేస్తారని వాళ్లు చెప్పారు. మన పిల్లలు చాలామంది ఆ మొదటి మెట్టు కూడా ఎక్కలేదని నా అభిప్రాయం. తెలిసింది రాయడం కాదు, ఇచ్చింది రాయడం దగ్గరే ఉన్నారు. మీ డిసర్టేషన్‌లో ఈ మాట వాడుకోదలిస్తే మీ ఆధారాలతో వాడండి, నామీద పెట్టకండి.

తప్పులు చూడొద్దని కాదు, విడదీసి చూడండి. ఇక్కడ మీకు మంచి పని ఉంది, తెలుగులో ఇంకా ఎంతో చేయాల్సి ఉన్న పని. పైన రాసిన పదకొండు తప్పులనే తీసుకోండి. 'నానవెడతం', 'బుట్టలల్ల', 'కుల్లినయి', 'ఏడ్సింది' ఇవి ఇంటి మాటలు, ఊరి మాటలు. ఆ పిల్ల విన్నది విన్నట్టు రాసింది. చెవి బాగా పనిచేస్తోందని దాని అర్థం. 'గోదుమలు' వేరే జాతి తప్పు, ఒత్తక్షరం జారింది. 'నీల్లు'లో ళ, ల తేడా. 'ఆమే' దగ్గర దీర్ఘం. ఇంకో రకం ఉంది, అది నాకు చాలా ఇష్టం: తెలిసీ తెలియక ఎక్కువ దిద్దుకోవడం. 'బాగా'ను 'భాగా' అని, 'బాధ'ను 'భాద' అని రాస్తారు. ఎక్కడో ఒత్తు ఉండాలని తెలుసు, ఎక్కడుండాలో తెలియదు. ఒత్తు జారడం అయితే పిల్లలేం ఖర్మ, ఊళ్లో ఎవరు పోయినా కట్టే ఫ్లెక్సీల మీద 'శ్రద్దాంజలి' అనే ఉంటుంది.

ఈ రకాలన్నిటికీ వేర్వేరు కారణాలు, వేర్వేరు మందులు. అన్నీ కలిపి 'పదకొండు' అని రాస్తే ఏ మందూ తెలియదు. న్యూయార్క్ సిటీ కాలేజీలో మీనా షానెసీ ఇలాంటి విద్యార్థుల రాతలను వేలల్లో చదివి, 1977లో చెప్పింది ఇదే: తప్పులు అజాగ్రత్త వల్ల ఇష్టమొచ్చినట్టు పడవు, ప్రతిదాని వెనకా రాసినవాడి లెక్క ఒకటి ఉంటుంది. ఆ లెక్క పట్టుకోవడం టీచర్ పని. ఆవిడ చూసింది ఇంగ్లిష్ తప్పులను. గుణింతాలు, ఒత్తులు, మాండలికం ఉన్న మన రాతకు ఆ పని మీలాంటివాళ్లు చేయాలి. నారాయణపేట వైపు అయితే ఇంట్లో కన్నడం, మరాఠీ మాట్లాడే పిల్లలు కూడా ఉంటారు, అక్కడ ఇంకో రకం దొరుకుతుంది.

పక్కన కూర్చోవడం ఎలా

గైడ్ గారు "ఎనిమిది మందితో పరిశోధన ఏంటి" అంటే చెప్పడానికి ఒక సమాధానం. 1971లో జానెట్ ఎమిగ్ షికాగో ప్రాంతంలో పన్నెండో తరగతి విద్యార్థులు ఎలా రాస్తారో చూసింది ఎనిమిది మందినే. వాళ్లను రాస్తూ పైకి మాట్లాడమంది. రాత మీద పరిశోధన దారి మళ్లింది ఆ పనితో. ఆ తర్వాత 1981లో ఫ్లవర్, హేస్ అనే పరిశోధకులు కూడా అలా పైకి చెబుతూ రాసినవాళ్ల మాటలను పట్టుకునే చెప్పారు: అనుకోవడం, వాక్యంగా పెట్టడం, తిరిగి చూసుకోవడం అనేవి ఒకదాని తర్వాత ఒకటి వరుసగా జరగవు, రాసేవాడు వాటి మధ్య ముందుకీ వెనక్కీ తిరుగుతూనే ఉంటాడని.

అయితే ఈ పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చి మన పిల్లల మీద పెడితే పని జరగదు. "రాస్తూ నీ మనసులో ఏమనుకుంటున్నావో పైకి చెప్పు" అంటే పిల్ల బిక్కమొహం వేస్తుంది. కొత్త మేడం, పక్కన ఫోన్‌లో రికార్డింగు, తప్పు మాట్లాడితే ఏమంటారో అన్న భయం. నాకు పనికొచ్చిన ఉపాయం వేరే. ఇద్దరికి కలిపి ఒకే కాగితం, ఒకే పెన్ను ఇవ్వండి. ఇక వాళ్లే మాట్లాడుకుంటారు. "అట్ల కాదురా, ముందు బోరు బండి వచ్చినట్టు రాయి." "ఎన్ని ఫీట్లు రాద్దాం?" "మా నాయిన ఏడువందలు అన్నడు." "గంత ఎవరు నమ్ముతరు, రాయి రాయి." మునుగోడు దిక్కు పిల్లలకు బోరు వేయడం గురించి తెలిసినంత నాకు తెలియదు. వాళ్ల వాదులాట అంతా మీకు కావాల్సిన డేటానే. ఏం రాయాలి, ఏది ముందు, ఎవరు నమ్ముతారు, ఏ అక్షరానికి ఒత్తు అన్నీ అందులో వినపడతాయి.

ఒంటరిగా రాసే పిల్లల దగ్గర అయితే నోరు మూసుకుని చూడండి. ఎక్కడ ఆగింది, ఎంతసేపు ఆగింది, ఆగినప్పుడు ఎటు చూసింది, వెనక్కి వెళ్లి చదువుకుందా, రబ్బరుతో దేన్ని తుడిచింది, ఇవే రాసుకోండి. రాయడం అయిన వెంటనే, గంట కొట్టకముందే అడగండి: "ఇక్కడ కొట్టేశావు కదా, ముందు ఏం రాద్దామనుకున్నావు?" రేపు అడిగితే చెప్పలేరు. నేను చూసిన పిల్లలు ఆగిపోయేది దాదాపు ఎప్పుడూ అక్షరం దగ్గరే. 'కష్టం'లో ఏ ష అన్న దగ్గర ఆగి, ఆ తెగిన ఆలోచనను మళ్లీ అందుకోలేక, వాక్యాన్ని అక్కడితో ముగించేస్తారు. చిన్న చిన్న వాక్యాలు రాయడానికి ఊహ లేకపోవడం కారణమని టీచర్లు అంటుంటారు. పక్కన కూర్చుంటే అలా అనిపించదు.

అంకెలు కావాలంటే

మార్కులను విడివిడిగా వేయండి. విషయానికి ఒకటి, అమరికకు ఒకటి, వాక్యానికి ఒకటి, అక్షర దోషాలకు ఒకటి. అదే పేపర్లను ఇంకో టీచర్ చేత, మీ మార్కులు చూపించకుండా, వేయించండి. ఇద్దరి మార్కులూ ఎంత దగ్గరగా ఉన్నాయో చూపిస్తే వైవాలో (మౌఖిక పరీక్షలో) ఎవరూ నోరెత్తరు. మొదటి చిత్తుకూ రెండో చిత్తుకూ మధ్య పిల్లలు ఏం మార్చారో లెక్కపెట్టండి: అక్షరం దిద్దారా, మాట మార్చారా, కొత్త వాక్యం కలిపారా, వరుస మార్చారా. ఆ పట్టిక ఒక్కటే ఒక అధ్యాయానికి సరిపోతుంది. గైడ్‌లోంచి వచ్చిన వాక్యాలు ఎన్ని, సొంతవి ఎన్ని అని కూడా తీయొచ్చు. ఊళ్లో దొరికే గైడ్లు రెండు మూడు కొని దగ్గర పెట్టుకోండి, పోల్చడం తేలిక.

పెద్ద అంకెలు కావాలంటే గ్రాహమ్, పెరిన్ 2007లో చేసిన సమీక్ష చూడండి. నాలుగు నుంచి పన్నెండో తరగతి దాకా రాత మీద జరిగిన ప్రయోగాలను కలిపి లెక్కగట్టారు. ఎలా అనుకోవాలి, ఎలా దిద్దుకోవాలి అన్న పద్ధతులను విడమరిచి నేర్పితే రాత మీద వచ్చిన ప్రభావం 0.82 (ఈ కొలతలో సున్నా అంటే తేడా లేనట్టు, మైనస్ అంటే తగ్గినట్టు). పిల్లలు కలిసి రాస్తే 0.75. వ్యాకరణాన్ని విడిగా పాఠంగా చెబితే మైనస్ 0.32. ఈ మైనస్ చూసి సంబరపడి వ్యాకరణమే దండగ అని రాసేయకండి. అవన్నీ దాదాపు ఇంగ్లిష్‌లో చదివే పిల్లల మీద జరిగినవి. తెలుగు రెండో భాషగా ఉన్న తండా పిల్లకు అది అట్లనే వర్తిస్తుందని చెప్పడానికి ఆధారం కావాలి.

పాఠం చెప్పి చూడదలిస్తే

చాలామంది ఎం.ఎడ్ విద్యార్థుల మీద ఏదో ఒక 'ఇంటర్వెన్షన్' (కొత్త పద్ధతిలో పాఠం చెప్పి ఫలితం చూడటం) పెట్టమని ఒత్తిడి ఉంటుంది. పెట్టాలంటే చిన్నది పెట్టండి. నారాయణపేట వైపు ఒక బడిలో ఒక తెలుగు సార్ చేసింది నాకు నచ్చింది. ఏడో తరగతి పిల్లలు బస్సు టైం మార్చమని డిపో మేనేజర్‌కు లేఖ రాయాలి. మొదటి చిత్తులన్నీ ఒకటే: "అయ్యా, మా ఊరికి బస్సు లేక చాలా ఇబ్బంది పడుచున్నాము. కావున దయతో బస్సు సౌకర్యం కల్పించగలరని ప్రార్థన." సార్ ఎర్ర పెన్ను తీయలేదు. కుర్చీలో తనే డిపో మేనేజర్‌లా కూర్చుని, "ఈ ఉత్తరం నాకొచ్చింది. ఏ ఊరు? బస్సు లేదా, ఉండి టైంకు రావట్లేదా? ఎంతమంది ఎక్కుతారు?" అన్నాడు. పిల్లలు ఒకళ్ల మీద ఒకళ్లు పడి జవాబులు చెప్పారు. పొద్దున పల్లెవెలుగు బడి మొదలయ్యాక వస్తుందని, ఆటోకు రోజూ డబ్బులు కావాలని, ఆటో లేనిరోజు ఆడపిల్లలు ఆగిపోతున్నారని. "ఇవేవీ ఇందులో లేవే మరి" అన్నాడు సార్. రెండో చిత్తులో 'పడుచున్నాము' అలాగే ఉంది, దాన్ని ఎవరూ వదులుకోలేదు. కానీ ఊరి పేరుంది, టైం ఉంది, ఎంతమందో ఉంది. ఆ ఉత్తరాన్ని నిజంగానే పోస్టులో వేశారు.

దిద్దడం గురించి కూడా ఒక మాట. 1982లో నాన్సీ సోమర్స్ అనే పరిశోధకురాలు టీచర్లు పేపర్ల మీద రాసే వ్యాఖ్యలను చూసి, ఇవి ఏ పేపర్ మీదైనా రబ్బరు స్టాంపులా గుద్దొచ్చు అంది. మన దగ్గర 'బాగుంది', 'ఇంకా బాగా రాయాలి', 'చేతిరాత మెరుగుపరచుకో' అంతే కదా. సార్ అడిగిన "ఏ ఊరు?" అన్న ప్రశ్నను ఇంకో పేపర్ మీద గుద్దలేం. మీరు బడిలో పాత నోట్సులు సంపాదించి, టీచర్ల వ్యాఖ్యలను ఇలా రెండు కుప్పలుగా వేసి చూసినా మంచి డిసర్టేషన్ అవుతుంది. దానికి పిల్లలతో కూర్చునే టైం కూడా అక్కర్లేదు.

టైం గురించి: జూన్ 12న బడి తెరిచాక బడిబాట (పిల్లలను బడిలో చేర్పించే కార్యక్రమం), పుస్తకాలు అందడం అన్నీ సర్దుకునే సరికి నెల పోతుంది. జూలై, ఆగస్టు, దసరా సెలవుల ముందు దాకా మీకు మంచి రోజులు. తర్వాత పత్తి ఏరడానికి పోయే పిల్లలుంటారు, ఎంచుకున్న ఎనిమిది మందిలో ముగ్గురు కనపడరు. పాలమూరు వైపు అయితే అమ్మానాన్నలతో వలస పోయేవాళ్లూ ఉంటారు కాబట్టి పది మందితో మొదలుపెట్టండి. ఎస్‌ఏ-1 (అర్ధ సంవత్సరం పరీక్ష) దగ్గరపడితే ఏ టీచరూ పీరియడ్ ఇవ్వరు, జనవరి తర్వాత హైస్కూల్ మొత్తం పదో తరగతి స్పెషల్ క్లాసుల చుట్టూ తిరుగుతుంది. డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఆఫీసు అనుమతి పత్రం ముందే తీసుకోండి, హెడ్‌మాస్టర్‌కు కాపీ ఇవ్వండి, తల్లిదండ్రులకు చెప్పండి. నోట్సులు ఫోటో తీస్తే పేరున్న అట్ట తీయకండి. పిల్లలు సొంత సంగతులు రాయడం మొదలుపెట్టాక ఇంట్లో తాగుడు, అప్పులు, కొట్లాటలు కూడా రాస్తారు. వాటిని స్టాఫ్‌రూమ్‌లో చదివి వినిపించే మనుషులు ఉంటారు, కాగితాలు మీ సంచిలోనే పెట్టుకోండి.

ఇక మీకే రాయడం రాకపోవడం. మనం కూడా ఆ బోర్డు ముందు కూర్చుని వచ్చినవాళ్లమే కదా. డిగ్రీ, బి.ఎడ్ దాకా గైడ్లు, జిరాక్సు నోట్సులు. ఇప్పుడు ఒక్కసారిగా వంద పేజీలు సొంతంగా రాయమంటే వస్తుందా? మన దగ్గర చాలామంది రెండో అధ్యాయం ఎలా రాస్తారో మీకూ తెలుసు: శోధగంగ వెబ్‌సైట్లో పాత థీసిస్‌లు తెరిచి, ఫలానా వారు ఫలానా సంవత్సరంలో ఫలానా చేశారు అని పేరాలు పేర్చడం. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018 నిబంధనల ప్రకారం వేరేవాళ్ల రాతతో పోలిక పది శాతం దాటితే లెక్క చెప్పాలి కాబట్టి మాటలు అటూ ఇటూ తిప్పుతారు. ఎనిమిదో తరగతి పిల్ల గైడ్‌లోని సంక్రాంతిని దించడానికీ దీనికీ తేడా తక్కువే.

నాకు తోవ దొరికింది ఫీల్డ్ నోట్సుతో. బడి నుంచి వచ్చిన రాత్రే, చూసింది చూసినట్టు, మా ఇంట్లో మాట్లాడే మాటల్లోనే రాసుకుంటాను. "ఆ పిల్ల పెన్ను నోట్లె వెట్టుకొని గోడ దిక్కు సూసింది" అని. ఎవరూ దిద్దరు కాబట్టి ఆగకుండా సాగుతుంది. తర్వాత దాన్నే కాస్త ఇస్త్రీ చేస్తే అధ్యాయంలో పేరా అవుతుంది. ముందుగానే 'ప్రస్తుత పరిశోధకురాలు గమనించిన అంశములు' అని మొదలుపెట్టిన రోజు ఒక్క వాక్యం కదలదు. హాస్టల్లో మేం కొందరం స్కాలర్లం ఆదివారాలు కూర్చుని ఒకరి పేజీలు ఒకరం పైకి చదువుతాం. మనం రాసింది వేరేవాళ్ల గొంతులో వింటే ఎక్కడ నత్తి పడుతోందో వెంటనే తెలిసిపోతుంది. కొలీగ్స్ ఎవరూ దొరకకపోతే ఇంట్లో ఎవరినైనా చదవమనండి. మా అక్క ఇంటర్ దాకానే చదివింది, నా మూడో అధ్యాయంలో అర్థం కాని చోటల్లా ఆగి "అంటే?" అంటుంది. ఆ 'అంటే'లకు జవాబు చెబుతూ పోతే చాలు, పేజీ దానంతట అదే బాగుపడుతుంది. "స్పష్టత లేదు" అని గైడ్లు మార్జిన్‌లో రాసేదానికంటే నాకు అది ఎక్కువ పనికొచ్చింది.

మీ గైడ్ గారితో గొడవ పడకండి. ఎవరి పద్ధతి వారిది, పైగా సంతకం పెట్టాల్సింది ఆయనే. ఒక పిల్ల చేత రెండు సార్లు రాయించి, ఆ రెండు పేపర్లూ, మీరు పక్కన కూర్చుని రాసుకున్న నోట్సూ ముందు పెట్టండి. పెద్ద శాంపిల్ కావాలని ఇంకా పట్టుబడితే ఒకే మండలంలో వంద మందికి పరీక్ష పెట్టి, అందులోంచి ఎనిమిది మందిని పక్కన కూర్చుని చూడటానికి ఎంచుకుంటానని చెప్పండి. ఈ రెండూ కలిపిన పద్ధతికి సాధారణంగా ఒప్పుకుంటారు. డిసర్టేషన్ తెలుగులో రాయొచ్చో లేదో కూడా అదే రోజు అడిగి తెలుసుకోండి. ఇంగ్లిష్‌లోనే రాయాలంటే పిల్లల వాక్యాలను మాత్రం తెలుగు లిపిలో ఉన్నదున్నట్టు, తప్పులతో సహా ఉంచండి. దిద్ది పెడితే మీ డేటా పోయినట్టే.